పొడి అక్షరాలకు చిరునామా

కొత్తపేట నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో స్తంభాల వెంబడి ఉన్న సంతాన సాఫల్య కేంద్రాల్లో ఏ ఫైలు తెరిచినా ‘ఏఆర్‌టీ’ అనే మూడు అక్షరాలు ఎక్కడో ఒకచోట తగులుతాయి. పిల్లలు కలగడానికి వైద్యశాస్త్రం చేసే సాయం మొత్తానికి అది పేరు. 2021లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ఇలాంటి కేంద్రాలు ‘ఏఆర్‌టీ క్లినిక్’గా నమోదు కావాలి. అదే ఉస్మానియా లాంటి పెద్ద ప్రభుత్వాసుపత్రికి వెళ్తే అక్కడి ఏఆర్‌టీ సెంటర్ హెచ్‌ఐవీ ఉన్నవారికి మందులిచ్చే చోటు. 2004 ఏప్రిల్ 1న దేశంలో ఉచితంగా మొదలైన ఆ చికిత్సకూ అవే మూడక్షరాలు. రెండు చోట్లా రాసింది తప్పు కాదు, చదివేవాళ్లు చదువు లేనివాళ్లూ కాదు. అయినా ‘మా చెల్లెలు ఏఆర్‌టీలో ఉంది’ అని ఒక పేషెంట్ గ్రూపులో ఎవరైనా రాస్తే, చదివిన వారిలో కొందరికి ఆశ, కొందరికి భయం కలుగుతాయి. ఒకే గుర్తు ఇంత దూరదూరపు అర్థాలను ఎలా మోస్తోంది? మోస్తున్నా ఆసుపత్రి లోపల పెద్దగా గొడవ లేకుండా పని ఎలా జరిగిపోతోంది? గ్రూపులోకి వచ్చాకే ఎందుకు చిక్కు ముడి పడుతోంది?

మూత్రపిండాల జబ్బు, తలసీమియా, కీళ్లవాతం, రక్త క్యాన్సర్, సంతానలేమి, ఆటిజం: ఇలా ఏ బాధకైనా ఇప్పుడు ఒక గ్రూపు ఉంది. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి విజయవాడ హైవే మీద వచ్చి ఎల్బీ నగర్‌లో బస్సు దిగేవాళ్లకు, అక్కడ మెట్రో ఎక్కితే అదే లైన్లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికీ, పంజాగుట్టలోని నిమ్స్‌కూ దారి. రోజంతా తిరిగి రాత్రికి ఊరు చేరుకున్నాక చేతిలో మిగిలేది ఒక కాగితాల కట్ట. ఆ కట్టలోని పొడి అక్షరాల అర్థం అడగడానికి వాళ్లకు అందుబాటులో ఉన్న మనుషులు గ్రూపులోని తోటి రోగులే. కాబట్టి ఆ అక్షరాలు అక్కడ ఎలా పనిచేస్తాయో, ఎక్కడ దారి తప్పిస్తాయో తెలుసుకోవడం చిన్న విషయం కాదు.

అర్థం అక్షరాల్లో ఉండదు

మనం సాధారణంగా అనుకునేది ఏమిటంటే, ప్రతి పొడి అక్షరాల గుంపు వెనకా ఒక పూర్తి పేరు ఉంటుంది, అది తెలిస్తే అర్థం తెలిసినట్టే. అందుకే గ్రూపు అడ్మిన్లు ఎంతో శ్రమపడి ‘ఇవీ పూర్తి పేర్లు’ అని ఒక పట్టిక తయారు చేసి అందరికీ పంపుతుంటారు. ఆ శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ దాని వెనకున్న ఊహ సగమే నిజం. కొత్తపేటలో ఆటో ఎక్కి ‘రోడ్ నంబర్ 2’ అని ఊరుకుంటే డ్రైవరు బండి కదిలించడు. మోహన్ నగర్‌లోనా, టెలిఫోన్ కాలనీలోనా, గ్రీన్‌హిల్స్ కాలనీలోనా అని అడుగుతాడు. కాలనీ లోపల ఉన్నవాళ్లకు ఆ ప్రశ్నే అవసరం లేదు. వాళ్లు ‘రెండో రోడ్డు’ అంటే చాలు. పొడి అక్షరాలు సరిగ్గా ఇలాంటివే: లోపల ఉన్నవాళ్ల మధ్య వాడుకోవడానికి పుట్టినవి. గుండె వార్డులో రాసే డాక్టరూ, చదివే నర్సూ ఒకే వార్డులో నిలబడి ఉంటారు కాబట్టి ఆ వార్డే సగం అర్థాన్ని సమకూరుస్తుంది. రాసిన అక్షరాలు మిగతా సగాన్నే చెబుతాయి.

2021లో అమెరికా పరిశోధకులు వైద్యంలో వాడే పొడి అక్షరాలన్నీ ఒకచోట చేర్చితే లెక్క 1,04,057 తేలింది. వాటికున్న అర్థాలు 1,70,426. అంటే అక్షరాల కంటే అర్థాలు ఎక్కువ. పైగా ఎక్కువగా వాడే రెండు, మూడు అక్షరాల గుంపులకే ఎక్కువ అర్థాలు అంటుకుంటాయి. ఇంగ్లిష్‌లో ఉన్నవి 26 అక్షరాలే. మూడేసి చొప్పున పేర్చితే పదిహేడు వేల పైచిలుకు గుంపులొస్తాయి. మాటలేమో కొన్ని అక్షరాలతోనే తరచుగా మొదలవుతాయి. కాబట్టి ఢీకొనడం ఎవరి అజాగ్రత్త వల్లో జరిగేది కాదు, లెక్క ప్రకారం తప్పనిది.

ఢీకొనడం వేర్వేరు విభాగాల మధ్యే అయితే కొంత నయం. ఒకే ఫైలు లోపల జరిగినప్పుడు చూడాలి. సంతాన సాఫల్య కేంద్రం ఇచ్చిన ఫైలునే మళ్లీ తీసుకుందాం. స్కానింగ్ కాగితం మీద ‘ఈటీ 8’ అని ఉంటుంది. అది గర్భాశయం లోపలి పొర మందం, ఎనిమిది మిల్లీమీటర్లు. నాలుగు పేజీల తర్వాత ‘ఈటీ’ పక్కన ఒక తేదీ ఉంటుంది. అది ల్యాబ్‌లో పెరిగిన పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టే రోజు. పక్కనే ‘డీ5’ అని ఉంటే అది నెలసరి మొదలైన ఐదో రోజు కావచ్చు, ఐదు రోజులు పెరిగిన పిండం కావచ్చు. ‘ఈటీ ఎనిమిదట, ఫరవాలేదా?’ అని ఒకామె గ్రూపులో అడిగితే, ఎనిమిదో తేదీన పిండం పెడుతున్నారని అనుకొని ‘ఆల్ ది బెస్ట్ అక్కా’ అనే జవాబులు రావడంలో ఆశ్చర్యం లేదు. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోతుంది.

ఇక్కడ దారి చూపేది పూర్తి పేరు కాదు, పక్కనున్న గుర్తు. మిల్లీమీటర్లు ఉంటే పొర, తేదీ ఉంటే ప్రక్రియ. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ చిన్న గమనిక నుంచే వస్తుంది. పొడి అక్షరాలను అర్థం చేసుకోవడమంటే వాటిని విడదీయడం కాదు, అవి ఏ కాగితంలో, ఏ వరుసలో, ఏ కొలత పక్కన ఉన్నాయో చూడటం.

ఒక క్యాన్సర్ గ్రూపు, మూడు ఎంఎంఆర్‌లు

ఈ మాటకు బలమైన సాక్ష్యం ‘ఎంఎంఆర్’. తల్లిదండ్రులందరికీ అది తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా. ఆరోగ్య శాఖ లెక్కల్లో అది మాతృ మరణాల నిష్పత్తి. క్యాన్సర్ విభాగంలోకి అడుగుపెడితే అది మరో రెండు రూపాలెత్తుతుంది, ఆ రెంటిలో మంచి చెడులు కూడా తారుమారవుతాయి.

సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్ ఉన్నవారు ఇమాటినిబ్ లాంటి మాత్రలు వేసుకుంటూ కొన్ని నెలలకోసారి ఒక రక్త పరీక్ష చేయించుకుంటారు. ఈ జబ్బుకు మూలం రెండు క్రోమోజోముల ముక్కలు చోటు మార్చుకొని అతుక్కోవడం. అలా పుట్టిన తప్పుడు జన్యువు జాడ రక్తంలో ఎంత మిగిలిందో ఆ పరీక్ష కొలుస్తుంది. అంతర్జాతీయ కొలమానం మీద అది 0.1 శాతానికి లేదా అంతకంటే కిందికి దిగితే డాక్టరు ‘ఎంఎంఆర్ వచ్చింది’ అంటారు. మందు బాగా పట్టిందని అర్థం. రాలేదంటే, మాత్రలు క్రమంగా వేసుకుంటున్నారా, మందు మార్చాలా అని ఆలోచించే సమయమని అర్థం. అంటే ఇక్కడ ఎంఎంఆర్ ఉండటం శుభవార్త.

పెద్దపేగు క్యాన్సర్ ఉన్నవారి బయాప్సీ కాగితంలో కూడా ఎంఎంఆర్ ఉంటుంది. కణం విడిపోయే ముందు డీఎన్‌ఏకు నకలు తీస్తుంది. అంత పొడవైన రాత నకలు తీసేటప్పుడు అక్కడక్కడా తప్పులు పడతాయి. వాటిని వెతికి దిద్దే కొన్ని ప్రొటీన్లు మన కణాల్లోనే ఉన్నాయి. ఆ దిద్దుబాటు ఏర్పాటు పేరు ఎంఎంఆర్. కొందరి కణితుల్లో అది పనిచేయదు. తప్పులు దిద్దేవారు లేక పోగుపడటంతో ఆ కణాలు మన రోగనిరోధక వ్యవస్థకు పరాయివిగా కనబడటం ఎక్కువవుతుంది. అందుకే రోగనిరోధక శక్తిని ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మందులు ఇలాంటి వారిలో మెరుగ్గా పనిచేసే అవకాశం ఉంది. వంశపారంపర్యంగా వచ్చిందేమో అన్న ప్రశ్న కూడా ఇక్కడే మొదలవుతుంది. అంటే ఈ కాగితంలో ఎంఎంఆర్ ‘లోపించింది’ అన్న మాట చికిత్సకు కొత్త తలుపు తెరవవచ్చు.

ఈ ఇద్దరూ ఒకే గ్రూపులో ఉన్నారనుకోండి. ‘మా నాన్నకు ఎంఎంఆర్ లేదన్నారు’ అని ఒకరు రాస్తే, సీఎంఎల్ ఉన్న తోటివారు దాన్ని తమ అనుభవంలోంచి చదివి ఓదారుస్తారు, మందులు మానకండని హెచ్చరిస్తారు. ఆ తండ్రి పేగు క్యాన్సర్ రోగి అయితే ఆ ఓదార్పు అనవసరపు దిగులు. ఇంతలో మూడోవారు ‘కీమో జరుగుతుండగా ఎంఎంఆర్ వేయించొచ్చా?’ అని అడుగుతారు. వాళ్లడిగేది టీకా గురించి. అది బలహీనపరచిన సజీవ వైరస్‌లతో చేసిన టీకా కాబట్టి కీమోథెరపీ నడుస్తున్నవారికి సాధారణంగా ఇవ్వరు. పట్టికలో ఎంఎంఆర్‌కు ఒకే అర్థం రాసి ఉంటే ఈ ముగ్గురిలో ఇద్దరిని ఆ పట్టికే తప్పుదారి పట్టిస్తుంది. ఏమీ తెలియని మనిషి ఇంకొకరిని అడుగుతాడు. తప్పు అర్థం దొరికిన మనిషి అడగడం మానేస్తాడు. అందుకే ఒకే అర్థం రాసిన పట్టిక, పట్టిక లేకపోవడం కంటే ప్రమాదం.

గ్రూపు దాకా వచ్చేసరికి ఏం రాలిపోతుంది

కాగితం ఆసుపత్రి దాటిన దగ్గర్నుంచి దాని చిరునామా ముక్కముక్కగా రాలిపోతుంది. ముందు రాలేది విభాగం. గుండె డాక్టరు రాసిన కాగితం ఇంటికి వచ్చాక కేవలం ‘రిపోర్టు’ అవుతుంది. ఎకో రిపోర్టులో ‘ఎంఎస్’ అంటే గుండెలో ఒక కవాటం సన్నబడటం. చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చినవారిలో మన దగ్గర ఇది ఇప్పటికీ కనిపిస్తుంది. నరాల డాక్టరు కాగితంలో అవే అక్షరాలు నాడుల పైపొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లీరోసిస్. ‘ఆర్‌ఏ’ కీళ్ల డాక్టరు దగ్గర కీళ్లవాతం, ఎకోలో గుండె కుడి పై గది. ఆక్సిజన్ శాతం పక్కన ఉంటే, రోగి గొట్టం లేకుండా మామూలు గాలి పీలుస్తున్నాడని.

తర్వాత రాలేది వరుస. ఫోటో తీసేటప్పుడు పేరు కనబడకూడదని పై భాగం కత్తిరిస్తాం. అది మంచి జాగ్రత్తే. కానీ పేరుతోపాటు విభాగం, తేదీ, శీర్షిక కూడా పోతాయి. డిశ్చార్జి సమ్మరీ పైన ‘డీఓఏ’, ‘డీఓడీ’ అని రెండు తేదీలుంటాయి: చేరిన రోజు, ఇంటికి పంపిన రోజు. క్యాజువాలిటీలో డీఓఏ అంటే తీసుకొచ్చేసరికే ప్రాణం పోయిందని. విడిగా చూసిన బంధువు గుండె ఆగినంత పనవుతుంది. అలాగే ‘ఆర్/ఓ’ అన్న గుర్తు. ‘ఆర్/ఓ సీఏ’ అని రాస్తే క్యాన్సర్ ఉందని కాదు, లేదని తేల్చుకోవడానికి పరీక్ష చేయమని. ‘కే/సీ/ఓ’ అంటే మాత్రం ఆ జబ్బు ఉన్నట్టు ముందే తెలుసని. మధ్యలో గీతలున్న ఈ రెండు గుర్తుల మధ్య తేడా అనుమానానికీ నిర్ధారణకూ ఉన్నంత తేడా.

ఆ తర్వాత రాలేది అక్షరం పరిమాణం. ఇంగ్లిష్‌లో ‘సీ’ పెద్దది, ‘ఏ’ చిన్నది అయితే కాల్షియం, రెండూ పెద్దవైతే తరచుగా క్యాన్సర్. టైపు చేసేటప్పుడు ఈ తేడా ఎవరూ పట్టించుకోరు. తెలుగు లిపిలో రాస్తే అసలే కనబడదు. వాయిస్ మెసేజ్ అయితే ఇంకా కష్టం: బీ, డీ, టీ, పీ చెవికి ఒకేలా తగులుతాయి, ఎం, ఎన్ కూడా అంతే.

చివరికి కొలత కూడా పోతే ఏం మిగులుతుందో ఈ ఉదాహరణ చూడండి. ‘హెచ్‌బీ 6.8’ అంటే రక్తం బాగా తక్కువగా ఉందని, డెసిలీటరుకు 6.8 గ్రాములు. తీవ్రమైన రక్తహీనత, వెంటనే డాక్టరు చూడాల్సిన స్థితి. ‘హెచ్‌బీఏ1సీ 6.8’ అంటే గత రెండు మూడు నెలల చక్కెర సగటును చూపే శాతం. మధుమేహం ఉన్న చాలామందికి డాక్టర్లు పెట్టే లక్ష్యం ఏడు లోపే కాబట్టి అది మెచ్చుకోదగ్గ అంకె. మధ్యలో రెండక్షరాలూ ఒక అంకే జారిపోతే మెచ్చుకోలూ అత్యవసరమూ చోట్లు మార్చుకుంటాయి.

ఊరు మారినా ఇదే బెడద. మన తెలుగు రాష్ట్రాల ల్యాబుల్లో రక్త పరీక్షను ‘సీబీపీ’ అంటారు, మూత్ర పరీక్ష ‘సీయూఈ’, భోజనం తర్వాత చక్కెర ‘పీఎల్‌బీఎస్’. అమెరికాలో మొదటిదాని పేరు సీబీసీ, మిగతా రెండు పేర్లూ అక్కడివాళ్లు వినరు. ఇక్కడ ప్లేట్‌లెట్లు లక్షల్లో చెబుతాం, అక్కడ వేలల్లో. మన ‘1.5’ వాళ్ల ‘150’, రెండూ ఒకటే. తండ్రి రిపోర్టు డాలస్‌లోని కొడుకుకు చేరి, అతను అక్కడి స్నేహితులకు చూపించేసరికి ప్లేట్‌లెట్లు ఒకటిన్నరే ఉన్నాయన్న కంగారు పుట్టడం ఊహించలేనిదేమీ కాదు.

బాక్స్: మందుల చీటీలో లాటిన్ మిగులు
ఓడీ, బీడీ, టీడీఎస్ అంటే రోజుకు ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఇవి లాటిన్ మాటల పొడి అక్షరాలు. ‘హెచ్‌ఎస్’ పడుకునే ముందు. ‘ఎస్‌ఓఎస్’ అంటే అపాయమని కాదు, అవసరమైతేనే వేసుకోమని. కంటి డాక్టరు చీటీలో ‘ఓడీ’ కుడి కన్ను కూడా కావచ్చు కాబట్టి చుక్కల మందు పక్కన అది కనబడితే ఏ కన్ను, రోజుకు ఎన్నిసార్లు అని రెండూ అడగాలి. ‘5/7’ అంటే వారంలోని ఏడు రోజుల్లో ఐదు, అంటే ఐదు రోజులు. ‘2/52’ అంటే ఏడాదిలోని 52 వారాల్లో రెండు వారాలు. ‘3/12’ మూడు నెలలు. మన దగ్గర ఎక్కువమంది డాక్టర్లు రాసే ‘1-0-1’ వీటన్నిటికంటే తేలిక: పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి.

డాక్టర్లకు మాత్రం అన్నీ తెలుసా?

‘ఇది చదువుకోనివాళ్ల సమస్య’ అనుకునేవారికి ఒక బ్రిటన్ అధ్యయనం జవాబు చెబుతుంది. పిల్లల వార్డు కేసు షీట్లలోని పొడి అక్షరాలను 2008లో ప్రచురించిన ఒక పరిశీలనలో వైద్య సిబ్బందికే చూపించారు. పిల్లల డాక్టర్లు 56 నుంచి 94 శాతం వరకు గుర్తుపట్టారు. ఇతర ఆరోగ్య సిబ్బంది 31 నుంచి 63 శాతం. అదే ఆసుపత్రి, అదే భాష, అదే రోగులు. పక్క విభాగంలో ఉండటమే ఇంత తేడా తెచ్చిందంటే, యాభై కిలోమీటర్ల అవతల ఇంట్లో కూర్చుని చదివే మనిషికి అర్థం కాకపోవడంలో ఆయన తప్పేమీ లేదు.

ఇది మందుల పొరపాట్ల దాకా పోతుంది. అమెరికాలో 2004 నుంచి 2006 వరకు స్వచ్ఛందంగా నమోదైన 6,43,151 మందుల పొరపాట్లను పరిశీలిస్తే, వాటిలో 4.7 శాతానికి పొడి అక్షరాలు కారణమని తేలింది. ఆ పొడి అక్షరాల పొరపాట్లలో 43 శాతం, రోజుకు ఒకసారి అని చెప్పే ఒక్క లాటిన్ గుర్తువే. ఆ దేశంలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లోనే ‘వీటిని వాడవద్దు’ అని ఒక జాబితా తెచ్చింది. అందులో ముందున్నది ఇన్సులిన్ యూనిట్లకు రాసే ‘యూ’ అక్షరం. చేతిరాతలో అది సున్నాలా కనబడితే పది యూనిట్లు వంద అవుతాయి. మన దేశంలో దీనికి మరో మెలిక ఉంది: ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాల్లోనూ, 100 యూనిట్ల రూపంలోనూ దొరుకుతుంది. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ రంగు మూతది 100కి. చీటీలో అంకె సరిగ్గా ఉన్నా సిరంజి మారితే మోతాదు రెండున్నర రెట్లు తేడా వస్తుంది.

మన దగ్గర ఈ పోరాటం చేతిరాతతో మొదలైంది. 2014లో నల్గొండకు చెందిన ఒక ఫార్మసిస్టు, మందుల చీటీలు చదవగలిగేలా రాయించాలని హైదరాబాద్ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2016లో భారత వైద్య మండలి నిబంధన మార్చి, మందుల జెనెరిక్ పేర్లను స్పష్టంగా, వీలైతే ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో రాయాలంది. అది చాలా అవసరమైన మార్పు. కానీ చేతిరాత సమస్యా పొడి అక్షరాల సమస్యా ఒకటి కావు. అచ్చులో తేటగా కనబడే ‘ఎంటీఎక్స్’ కూడా తెలియనివారికి తెలియనిదే. పెద్ద అక్షరాల్లో రాసే అలవాటు మందు పేరు దాటి చీటీ అంతటికీ పాకితే ఇంకో చిక్కు: అన్నీ పెద్దవే అయితే కాల్షియానికీ క్యాన్సర్‌కూ ఉన్న ఆ కాస్త తేడా కూడా చెరిగిపోతుంది.

‘డాక్టర్నే అడగొచ్చు కదా’

తప్పకుండా అడగాలి. కానీ ఈ అభ్యంతరం చేసేవారు డాక్టరు గదిలో గడియారాన్ని లెక్కలోకి తీసుకోరు. 67 దేశాల సమాచారాన్ని కూర్చి 2017లో బీఎంజే ఓపెన్ పత్రిక ప్రచురించిన విశ్లేషణలో, భారత్‌లో ప్రాథమిక వైద్యానికి డాక్టరు ఇచ్చే సమయం సగటున రెండు నిమిషాల దరిదాపులో ఉంది. ఆ రెండు నిమిషాల్లో బాధ చెప్పుకోవాలి, పరీక్ష చేయించుకోవాలి, మందు తెలుసుకోవాలి. పైగా సందేహాలు పుట్టేది అక్కడ కాదు, ఇంటికి వచ్చి కాగితం విప్పాక. గ్రూపు డాక్టరుకు పోటీ కాదు. డాక్టర్ని ఏం అడగాలో ముందే తేల్చుకునే చోటు. ‘మా నాన్న రిపోర్టు ఎలా ఉంది సార్?’ అన్న ప్రశ్నకు ‘బానే ఉంది’ అనే జవాబు వస్తుంది. ‘ఈ ఎంఎంఆర్ లోపించింది అన్నారు, ఇమ్యునోథెరపీ గురించి ఆలోచించాలా, మా అన్నదమ్ములకు పరీక్ష కావాలా సార్?’ అంటే రెండు నిమిషాలే అయినా వేరే సంభాషణ నడుస్తుంది.

‘ఫోన్‌లో యాప్‌ని అడిగితే చెబుతుంది’ అన్నది కొత్త అభ్యంతరం. చెబుతుంది, చాలాసార్లు సరిగ్గానే. కానీ అది చెప్పేది చుట్టూ ఉన్న మాటలను బట్టి. కాగితం మొత్తం ఇస్తే విభాగాన్నీ కొలతనూ చూసి పోల్చుకుంటుంది. మూడక్షరాలు మాత్రమే టైపు చేస్తే అది కూడా ఆ లక్షా డెబ్బై వేల అర్థాల్లో ఎక్కువగా వాడేదాన్ని ఎంచుకోవడం తప్ప ఏం చేయగలదు? మనిషిని అడిగినా యంత్రాన్ని అడిగినా చిరునామా ఇవ్వాల్సింది మనమే. మరి వ్యక్తిగత వివరాల మాట? పేరు, ఫోన్ నంబరు, ఆసుపత్రి నంబరు కప్పేయండి. విభాగం, తేదీ, శీర్షిక, కొలత, పక్కనున్న సాధారణ పరిధి ఉంచండి.

ఇంత గోల ఎందుకు, పొడి అక్షరాలనే మానేస్తే పోదా అనేవారూ ఉన్నారు. నేను ఒప్పుకోను. అత్యవసర వార్డులో ప్రతి మాటా పూర్తిగా రాస్తూ కూర్చుంటే రోగికే నష్టం. గ్రూపుల్లో ఇంకో కారణం ఉంది. నెలసరి, సంభోగం, గర్భస్రావం, హెచ్‌ఐవీ: వీటి గురించి తెలుగులో నోరు విప్పలేని మనిషి పొడి అక్షరాల్లో రాయగలుగుతుంది. ఫోను అత్తగారి చేతిలో పడినా బయటపడదు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నామని చెప్పడానికి విదేశీ గ్రూపుల్లో పుట్టిన ‘టీటీసీ’ మన ఆడవాళ్ల గ్రూపుల్లోకీ వచ్చింది. మన ఇళ్లలో అందరికీ అది టీచర్ ట్రైనింగ్ కాబట్టి ఆ ముసుగు ఇంకా బాగా కుదిరింది. ఆ చాటు వాళ్లకు కావాలి. దాన్ని లాక్కునే హక్కు మనకు లేదు.

గ్రూపు ఎక్కడ ఆగాలి

అయితే ఒక గీత గట్టిగా గీయాలి. రిపోర్టులోని పొడి అక్షరాల గురించి గ్రూపులో చర్చించుకోవచ్చు. మందు ఎంత, ఎన్నిసార్లు అని చెప్పే అక్షరాలను మాత్రం గ్రూపులో తేల్చుకోకూడదు. రిపోర్టును తప్పుగా చదివితే కొన్ని రోజులు దిగులు పడతాం. మోతాదును తప్పుగా చదివితే శరీరం ఊరుకోదు. కీళ్లవాతం గ్రూపుల్లో నిత్యం వినబడే ‘ఎంటీఎక్స్’ దీనికి ఉదాహరణ. ఆ మందు పేరు మెథోట్రెక్సేట్. కణాలు విడిపోవడానికి అవసరమైన ఫోలిక్ ఆమ్లాన్ని వాడుకోనివ్వకుండా అడ్డుకుంటుంది. కీళ్లవాతానికి దాన్ని వారానికి ఒకే రోజు ఇస్తారు. మిగతా రోజుల్లో శరీరం కోలుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ముందుగా దెబ్బతినేవి వేగంగా విడిపోయే కణాలే: నోటి పూత వస్తుంది, ఎముక మజ్జలో రక్తకణాల తయారీ పడిపోతుంది, ఇన్ఫెక్షన్లు చుట్టుముడతాయి, ప్రాణమే పోవచ్చు. ఇలాంటి మరణాలు చాలా దేశాల్లో నమోదయ్యాయి. చీటీలో బీపీ మాత్ర, గ్యాస్ మాత్ర, అన్నీ రోజుకోసారి అని ఉండి ఈ ఒక్కదాని పక్కన వారానికోసారి అని రెండక్షరాల్లో రాసి ఉంటే, కన్ను అలవాటుగా జారిపోతుంది. ఇక్కడ అడగాల్సింది డాక్టర్ని, లేదా మందులిచ్చిన ఫార్మసిస్టును. ఏ రోజో పేరు పెట్టి అడగాలి: ‘సోమవారం ఒక్కటే కదా?’ అని.

బాక్స్: గ్రూపులో అడిగేటప్పుడు
‘ఈఎఫ్ 60 అంటే ఏంటి?’ అనే ప్రశ్నను ఇలా మార్చి చూడండి: ‘నాన్నగారికి 64 ఏళ్లు. నిన్నటి ఎకో రిపోర్టులో, ఎడమ జఠరిక అన్న శీర్షిక కింద ఈఎఫ్ 60 శాతం అని ఉంది. పక్కన సాధారణ పరిధి రాయలేదు.’ రెండో ప్రశ్నకు తప్పు జవాబు ఇవ్వడం కష్టం. జవాబిచ్చేవారు కూడా ‘నా కాగితంలో దీని అర్థం ఇది’ అని మొదలుపెడితే, చదివేవారికి అది ఎవరి చిరునామానో తెలుస్తుంది.

కాగితం మారాలి

భారమంతా రోగి మీద, గ్రూపు మీద వేసి ఊరుకోవడం న్యాయం కాదు. 2022లో అమెరికాలోని మూడు ఆసుపత్రుల్లో చేసిన ఒక పరిశోధనలో పది మామూలు పొడి అక్షరాలను రోగులకు చూపించారు. కుదించి రాసినప్పుడు అర్థమైనవి 62 శాతం. పూర్తిగా రాసినప్పుడు 95 శాతం. డిశ్చార్జి సమ్మరీ ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటర్‌లోంచే వస్తోంది. లోపల డాక్టరు కుదించి టైపు చేసినా, ఇంటికి వెళ్లే ప్రతిలో పూర్తి మాట వచ్చేలా చేయడం కష్టమేమీ కాదు. వార్డులో తిరిగే కాగితం వేరు, ఇంటికి వెళ్లే కాగితం వేరు అని ఆసుపత్రులు ఒప్పుకుంటే చాలు.

మనకు మాత్రం ఆ 62ను 95 చేసిన చిట్కా ఒక్కటే సరిపోదు. వాళ్లు ఇంగ్లిష్‌ను ఇంగ్లిష్‌గా విప్పారు. మనవాళ్లకు విప్పినా అది ఇంగ్లిషే. గుండెపోటు వచ్చి వెళ్లినవారి ఎకోలో ఉండే ‘ఆర్‌డబ్ల్యూఎంఏ’ను నాలుగు పెద్ద ఇంగ్లిష్ మాటలుగా మార్చితే ఖమ్మం రైతుకు ఒరిగేదేమీ లేదు. ‘గుండె గోడలో ఒక భాగం మిగతా భాగాలతో సమానంగా కదలడం లేదు’ అని తెలుగు వాక్యం కావాలి. ‘ఈఎఫ్ 60 శాతం’ చూసి, నూటికి అరవై మార్కులే వచ్చాయని, గుండె నలభై శాతం పోయిందని కుంగిపోయేవారికి ఇలా రాసివ్వాలి: ‘మీ గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎడమ గదిలోని రక్తంలో 60 శాతాన్ని బయటికి తోస్తోంది. ఆరోగ్యవంతులకు కూడా ఇది దాదాపు 55 నుంచి 70 మధ్యే ఉంటుంది.’

కొత్తపేటలో పాత పండ్ల మార్కెట్ ఉన్న స్థలంలోనే టిమ్స్ ఆసుపత్రికి 2022లో శంకుస్థాపన జరిగింది. పాత అలవాట్లు పేరుకోని కొత్త ఆసుపత్రిలో ఇలాంటిది మొదటి రోజు నుంచే పెట్టుకోవడం తేలిక. ఒక విభాగం ఇంటికి పంపే కాగితాల్లో పదేపదే వచ్చే పొడి అక్షరాలు వేలల్లో ఉండవు. గుండె విభాగం తనవి, మూత్రపిండాల విభాగం తనవి ఏరుకుని ఒక్కోదానికి ఒక తెలుగు వాక్యం రాయించుకోవచ్చు. రాసింది డాక్టర్లు సరిచూస్తే సరిపోదు. ఆ విభాగానికి వచ్చే రోగుల గ్రూపు నుంచి పదిమందిని పిలిచి చదివించి, చదివాక ‘ఇప్పుడు మీరేం చేస్తారు?’ అని అడగాలి. వారానికోసారి మందు అన్న వాక్యాన్ని పదిమందికి పదిమందీ సరిగ్గా చెప్పేదాకా మళ్లీ మళ్లీ తిరగరాయాలి.